సాయంత్రం సూది

పనుల నుంచి తిరిగొచ్చిన జనం చిన్నాసుపత్రి ముందు వరసకట్టి ఉండగానే సూపర్‌వైజరు లోపలికి వెళ్ళాడు. నర్సమ్మ చేతిలోని సూదిని పక్కన పెట్టించాడు. లైట్లు ఆర్పాడు. అందరూ చూస్తుండగానే తలుపుకి తాళం వేశాడు.

వరసలో మొదట నిలబడ్డవాడు కింది సందులో చెప్పులు కుట్టే తాత. చొక్కా చేయి పైకి మడిచి, జబ్బ బయటపెట్టుకుని అలాగే నిలబడిపోయాడు.

"బాబూ, పొద్దుటిది పొద్దున వేశారు. సాయంత్రానిది పడకపోతే ఒంట్లో షుగరు పైకెక్కి కూచుంటుంది" అన్నాడు.

సూపర్‌వైజరు తాళం ఒకసారి లాగి చూసుకున్నాడు. "ఇకనుంచి సాయంత్రం లేదు తాతా. పగటిపూటే. పైనుంచి ఆర్డరొచ్చింది."

"పగలంతా మేం పనిలో ఉంటాం కదయ్యా" అంది వెనకనుంచి ఇటుకలు మోసే ఆమె.

"పని కావాలో ప్రాణం కావాలో మీరే తేల్చుకోండి."

విన్నారుగా. రెక్కాడితేగాని పూట గడవని వాళ్ళకి ఇదీ వాడిచ్చిన సలహా. కూలివాడి జబ్బు కూడా యజమాని తీరిక చూసుకుని రావాలి, వాడు సెలవిచ్చిన పూటే ముదరాలి, కాంట్రాక్టరు తలుపు తెరిచిన వేళకే నయం కావాలి. చదువుకునే పిల్లలూ, మీ పుస్తకాల్లో దీన్ని ఏమంటారో నాకు తెలియదు. ఆ పేటలో దీన్ని దౌర్జన్యం అనే అంటారు.

ఆ ఆసుపత్రి రెండు గదులది. ఒక గదిలో డాక్టరు, ఒక గదిలో నర్సమ్మ. కడుపుతో ఉన్నవాళ్ళ పరీక్షలు, పసిపిల్లల టీకాలు, బీపీ మాత్రలు, దెబ్బలకి కట్లు, అన్నీ అక్కడే. నర్సమ్మ గదిలో మూలన ఒక ఫ్రిజ్ ఉంది. పేట మొత్తానికి ఉన్న ఫ్రిజ్ అదొక్కటే. షుగరు సూదిమందు చల్లగా లేకపోతే పాడైపోతుంది, పేటలో ఇళ్ళేమో రేకుల ఇళ్ళు, పగలు పెనాల్లా కాలుతుంటాయి. అందుకని పై సందువాళ్ళూ కింది సందువాళ్ళూ ఎవరి మందు సీసా మీద వాళ్ళ పేరున్న ప్లాస్టరు ముక్క అంటించుకుని ఆ ఫ్రిజ్‌లోనే పెట్టుకునేవారు. పొద్దున పనికి పోతూ ఒక సూది, సాయంత్రం తిరిగొస్తూ ఒక సూది. ఏళ్ళ తరబడి అదే అలవాటు. ఈమధ్య నగరం పెద్దలు ఆ రెండు గదుల్ని ఒక కాంట్రాక్టరు చేతిలో పెట్టారు, ఈ సూపర్‌వైజరు ఆ కాంట్రాక్టరు మనిషే. కాంట్రాక్టరు కన్నేమో పెద్దరోడ్డుకి అవతల లేచిన అపార్టుమెంట్ల మీద ఉంది. ఫ్రిజ్జూ నర్సమ్మా అక్కడికి వెళ్తే, డబ్బిచ్చుకోగలవాళ్ళు వస్తారు కదా.

సరే, వరస దగ్గరికి వద్దాం. ఆ వరసలో పై సందు ఇస్త్రీ ఆమె తన కూతుర్ని చంకలో పెట్టుకుని నిలబడి ఉంది. పిల్ల వయసుకి ఎదిగిందే, కానీ పిట్టంత ఉంటుంది కాబట్టి అందరూ గువ్వ అంటారు. చిన్నప్పుడే దానికి షుగరు జబ్బు పట్టుకుంది. రెండుపూటలా సూది పడకపోతే పిల్ల దక్కదని డాక్టరు తల్లికి మొహం మీదే చెప్పాడు. తాళం పడ్డ చప్పుడు వినగానే ఇస్త్రీ ఆమె పిల్లని ఇంకో చంకకి మార్చుకుని ముందుకి జరిగింది. నోరు తెరిచి "తాళం తియ్యి" అనబోయింది.

అంతలో పక్కనుంచి ఒక చెయ్యి వచ్చి తాళం మీద పడింది.

"తాళం తియ్యి" అంది ఆ చెయ్యి గలావిడ. "ఇక్కడున్నవాళ్ళందరికీ సూది పడిందాకా నువ్వు కదలవు, మేమూ కదలం."

ఆమె ఇస్త్రీ ఆమెకి స్వయానా తోడికోడలు, మరిది పెళ్ళాం. బట్టల ఫ్యాక్టరీలో మిషను కుడుతుంది. పై సందులోనే వేరే గుమ్మంలో కాపురం ఉంటున్నా, పేటలో అందరికీ ఇద్దరూ ఒకే ఇంటి కోడళ్ళుగానే తెలుసు కాబట్టి మనమూ పెద్దకోడలు, చిన్నకోడలు అనే అనుకుందాం.

జనం ఒక్కసారిగా చిన్నకోడలి వైపు జరిగారు. సూపర్‌వైజరు అటూ ఇటూ చూసి, తప్పేది లేక తాళం తీశాడు. "ఈ ఒక్కరోజుకే" అని గొణిగాడు. వరసలోవాళ్ళు చిన్నకోడలి భుజం తట్టి లోపలికి వెళ్ళారు. పెద్దకోడలికి సంతోషం వేయాలి కదా. వేయలేదు. ఆ మాట నా నోట్లోనే ఉంది, ఇది ముందు కక్కేసింది అనుకుంది. మనసారా ఏడ్చుకుంది.

ఈ ఏడుపు కొత్తది కాదు. చిన్నకోడలు కాపురానికొచ్చిన నాటినుంచీ ఉన్నదే. పెద్దకోడలు కొన్న చీర చిన్నదానికే నప్పుతుంది. అత్తగారు పెద్దదాన్ని పనికి పిలిచి, చిన్నదాన్ని కబుర్లకి పిలుస్తుంది. ఇవన్నీ ఓర్చుకోవచ్చు. ఓర్చుకోలేనిది ఒక్కటే. గువ్వకి సూది వేయడం ఇంట్లో అందరికీ నర్సమ్మే తన గదిలో నేర్పింది, అక్కడ దానికి వేసేది ఇంటివాళ్ళే, కానీ పెద్దకోడలి చేయి వణుకుతుంది. పిల్ల ఏడుస్తుంది, పిల్ల ఏడిస్తే తల్లి ఏడుస్తుంది. చిన్నకోడలు సూది పడితే మాత్రం గువ్వ కిక్కురుమనదు. "పిన్నీ, నువ్వే వెయ్యి" అని చేయి చాపుతుంది. కన్నది నేను, కాన్పులో చావు తప్పి బయటపడ్డది నేను, పిల్లేమో దానికి చేయి చాపుతుంది అని పెద్దకోడలు ఇస్త్రీపెట్టె మీద చూపించేది ఆ కోపమంతా. ఎవరి చొక్కా దొరికితే దాని కాలర్ నల్లగా మాడేది.

మర్నాటి నుంచి నిజంగానే సాయంత్రాలు ఆసుపత్రి మూతపడింది. చిన్నకోడలు నర్సమ్మని వెనకదారిన పిలుచుకొచ్చి, వెనక తలుపు తీయించి, దొంగచాటుగా సూదులు వేయిస్తుండేది. ఈ మాట సూపర్‌వైజరు చెవిన పడింది. తలుపు మీద పడితే జనం మళ్ళీ ఒక్కటవుతారని వాడికి ఎరుకే. అందుకని ఇంకో దారి పట్టాడు. ఇస్త్రీకి చొక్కాలు తీసుకుని పెద్దకోడలి దగ్గరికి వచ్చాడు.

"మీ తోడికోడలు పెద్ద లీడరయిపోయిందే" అన్నాడు, బల్లకి చేరగిలబడి. "ఇంటికి పెద్దవాళ్ళు మీరు. ఏదైనా మిమ్మల్ని ఒక్కమాట అడిగి చేస్తోందా?"

పెద్దకోడలు ఇస్త్రీపెట్టెని చొక్కా మీద గట్టిగా నొక్కింది.

"నాకు తెలిసి చెప్తున్నా, నా పేరు బయటపెట్టకండి. కింది సందువాళ్ళతో ఆమె మాట అయిపోయింది. ఫ్రిజ్ వాళ్ళ సందుకి తరలిస్తారంట. ముందు మందు వాళ్ళకే. మీ పాప మందు సంగతి మీరే చూసుకోవాలి."

అబద్ధమని పెద్దకోడలికి లోపల ఎక్కడో తెలుసు. కానీ కడుపుమంట ఉందే, దానికి అబద్ధం నెయ్యి పోసినట్టే ఉంటుంది. చొక్కా మడతపెట్టి వాడి చేతికిచ్చి, పని ఎక్కడిదక్కడ వదిలేసి ఆసుపత్రికి నడిచింది. నర్సమ్మ వద్దంటున్నా వినకుండా ఫ్రిజ్ తీసి, గువ్వ పేరున్న సీసా కొంగున వేసుకుని వచ్చేసింది.

"అక్కా, ఇంట్లో వేడికి అది పాడవుతుంది" అని చిన్నకోడలు వీధి మధ్యలో అడ్డం వచ్చింది.

"నా పిల్ల మందు నా ఇంట్లో ఉంటుంది. ఇక నీ దయ మాకక్కర్లేదు. నీ లీడరుతనం ఊరోళ్ళ దగ్గర చూపించుకో."

"నా మీద కోపం పిల్ల మీద ఎందుకు చూపిస్తావు?"

"నీకు పిల్లలుంటే తెలిసేది."

చిన్నకోడలి మొహం పాలిపోయింది. దారి వదిలేసింది. ఆ మాట అన్నందుకు పెద్దకోడలికి తృప్తిగానే ఉండింది, ఎందుకు దాచాలి. ఇంటికెళ్ళి సీసాని తడిగుడ్డలో చుట్టి అటక మీద పెట్టింది. ఆ అటక కిందే ఇస్త్రీ బల్ల, బల్ల పక్కనే బొగ్గుల కుంపటి, నెత్తిన రేకు. తడిగుడ్డ ఆరిపోవడానికి ఎంతో సేపు పట్టలేదు.

ఆమె సీసా పట్టుకుపోవడం పై సందంతా చూసింది. ఇస్త్రీ ఆమె ఊరికే తెచ్చుకోదు, దానికేదో తెలిసే ఉంటుంది అని ఒక్కొక్కరూ వెళ్ళి తమతమ సీసాలు తెచ్చుకున్నారు. సూపర్‌వైజరు కింది సందులో టీకొట్టు దగ్గర నిలబడి, పై సందువాళ్ళు మందులన్నీ సర్దేసుకుంటున్నారని పెద్దగా మాట్లాడాడు. వాళ్ళూ పరుగెత్తారు. నీళ్ళ కుండల్లో, ఇసుక మూకుళ్ళలో, తడిసిన గోనెల కింద మందు సీసాలు దాగాయి. వాళ్ళకన్నా మాకే ఎక్కువ ఉండాలని కొందరు పక్కవాడి సీసా కూడా ఎత్తుకొచ్చారు. చూస్తుండగానే ఫ్రిజ్ ఖాళీ అయింది.

అప్పుడు సూపర్‌వైజరు తాపీగా వెళ్ళి ఫ్రిజ్ తలుపు తెరిచి, తన ఫోనుతో ఫొటో తీసుకున్నాడు. ఈ పేటలో ఫ్రిజ్ ఎవరికీ అవసరం లేదని పైవాళ్ళకి చూపించడానికి అంతకన్నా ఏం కావాలి? రెండు సందుల అసూయా కలిసి వాడికి ఆ పని సుళువుగా చేసిపెట్టింది.

గువ్వకి తల్లే సూది వేస్తోంది. చేయి వణికినా వేస్తోంది. మందు రంగు చూడటానికి ఎప్పట్లాగే నీళ్ళలా ఉంది, కానీ అందులో సత్తువ చచ్చింది. పిల్ల మొదట నీళ్ళు నీళ్ళు అంది. బిందె దగ్గరే కూచుని తాగింది. తరవాత కడుపు నొప్పంది, వాంతులు చేసుకుంది. ఒక తెల్లవారుజామున రొప్పుతూ, పిలిస్తే పలక్కుండా పడి ఉంది. పెద్దకోడలు పిల్లని భుజాన వేసుకుని వీధిలోకి పరుగెత్తింది. ఎవరి గుమ్మం ముందు ఆగాలో ఆమె కాళ్ళకి తెలుసు.

చిన్నకోడలు తలుపు తీసి చూసింది. పిల్లని అందుకుని నర్సమ్మ ఇంటికి ఉరికింది. నర్సమ్మ పిల్ల నోరు వాసన చూసి, వేలు గుచ్చి రక్తం పరీక్ష చేసి, "మందు పనిచేయలేదు. పెద్దాసుపత్రికి తీసుకెళ్ళాలి, ముందు ఇక్కడ ఒక డోసు పడాలి. మంచి మందు ఎవరి దగ్గరుంది?" అంది.

ఫ్రిజ్ ఖాళీ. పై సందులో అన్నీ రేకుల కింద ఉడికిన సీసాలే. చిన్నకోడలు కింది సందుకి వెళ్ళి గొంతెత్తి అడిగింది. తలుపులు తెరుచుకోలేదు. పై సందు పిల్లకి మేమెందుకివ్వాలి అని ఎవరో లోపలినుంచే అన్నారు. చెప్పులు కుట్టే తాత మాత్రం తన సీసా పట్టుకుని బయటికొచ్చి, ఆమె వెంట నర్సమ్మ ఇంటికి నడిచాడు. దాన్ని తడి ఇసుకలో పాతి, తెల్లవార్లూ నీళ్ళు చల్లుతూ కాపలా కాశాడట.

"ఇదే రకం" అంది నర్సమ్మ చూసి. "తాతా, మరి నీకు?"

"నాకు వయసయిపోయింది. తరవాత చూద్దాం. ముందు పిల్లకి వెయ్యి."

పెద్దకోడలు ఆ ముసలాయన కాళ్ళు పట్టుకోబోయింది. ఆయన కాళ్ళు వెనక్కి లాక్కుని, "ఇంతకుముందెప్పుడూ మీ సందువాళ్ళు నాకు నమస్కారం కూడా పెట్టలేదు, కాళ్ళెందుకు లేమ్మా" అన్నాడు. ఆ సూది పడ్డాక ఆటోలో పిల్లని పెద్దాసుపత్రికి తీసుకెళ్ళారు. ఒళ్ళో పెట్టుకుని కూచున్నది చిన్నకోడలు, పిల్ల కాళ్ళు పట్టుకుని కూచున్నది తల్లి. ఆ దారిలో కూడా పెద్దకోడలి మనసు ఒళ్ళు ఎవరిదా అని చూసుకుంది. మనిషి బుద్ధి అలాంటిది.

పిల్ల బతికింది. ఇంటికొచ్చిన రోజే పెద్దకోడలు ఆసుపత్రి ముందున్న ఖాళీ స్థలంలో రెండు సందులవాళ్ళనీ పిలిపించింది. మీటింగు పెట్టాలంటే ఇంతవరకూ చిన్నకోడలే పెట్టేది. ఈసారి మాత్రం నేనే మాట్లాడతానని ఆమె పట్టుబట్టింది.

"నేను దీన్ని చూసి ఏడ్చాను" అంది, తోడికోడలి వైపు వేలు చూపించి. "ఆ సూపర్‌వైజరు నా చెవిలో ఊదాడు, నేను నమ్మాలనుకుని నమ్మాను. మందు ఇంటికి తెచ్చుకున్నాను. నా వెనక మీరంతా తెచ్చుకున్నారు. నా పిల్ల పోయినంత పనైంది. మీరెవరి పిల్ల పోతుందని చూస్తున్నారు?"

"మా సందుకి కుళాయి రాకుండా చేసింది మీ సందు కాదా?" అని కింది సందు సున్నం మేస్త్రి లేచాడు.

"చేశాం. మీకు కుళాయి వస్తే మా నీళ్ళు సన్నబడతాయని మేం ఏడ్చాం. మాకు వీధిదీపం వస్తే మీరు రాళ్ళేసి పగలగొట్టారు. అవతల అపార్టుమెంట్లలో ఇంటింటికీ ఫ్రిజ్ ఉంది, గదిగదికీ కుళాయి ఉంది. వాళ్ళని చూసి ఒక్కనాడైనా ఏడ్చామా మనం? మనకి కుళ్ళు కూడా పక్కింటి మీదే."

జనంలో నవ్వొచ్చింది. మేస్త్రికీ నవ్వొచ్చింది, కానీ కూచోలేదు. "అయితే ఇప్పుడేం చేద్దామంటావు?"

"దీన్నడగండి" అని పెద్దకోడలు కూచుంది. ఆ మాట అనడానికి ఆమెకి ఎంత కష్టమైందో నాకు తెలుసు.

చిన్నకోడలు లేచి నాలుగు ముక్కల్లో చెప్పింది. ఉన్న మంచి సీసాలన్నీ ఫ్రిజ్‌లోకి తిరిగి రావాలి. ప్లాస్టరు మీద పేరే ఉండాలి, సందు ఉండకూడదు. నర్సమ్మ ముందు తలుపే తీస్తుంది, సాయంత్రం కూడా తీస్తుంది. రెండు సందులవాళ్ళూ వంతులవారీగా ఫ్రిజ్ చుట్టూ కూచుంటారు. "ఫ్రిజ్ కదిలితే మనం పోయాం. అందుకని అది కదలదు."

"నా ఉద్యోగం పోతుంది" అంది నర్సమ్మ నెమ్మదిగా.

"పోనివ్వం. పోతే నీ ఇంటి పొయ్యి మేం వెలిగిస్తాం" అంది ఇటుకలు మోసే ఆమె. నర్సమ్మ తాళంచెవి తీసి చిన్నకోడలి చేతిలో పెట్టింది.

అలా కూచున్నారు. పగలు పనిలేని ముసలివాళ్ళు, సాయంత్రం పనినుంచి వచ్చినవాళ్ళు. ఎవరు ఎక్కువసేపు కూచుంటారా అని రెండు సందులకీ అక్కడా పోటీయే. కింది సందు ఆడవాళ్ళు చాపలు తెస్తే పై సందువాళ్ళు బల్లలు తెచ్చారు. డాక్టరు మొదట్లో గోడ వైపు చూస్తూ పోయేవాడు, తరవాత తనూ సాయంత్రం కాసేపు ఉండిపోవడం మొదలుపెట్టాడు.

సూపర్‌వైజరు ఊరుకుంటాడా? ఒకనాడు పొద్దు వాలేవేళకి లారీ తెచ్చాడు, వెంట పోలీసు వ్యాను. ఇన్‌స్పెక్టరు దిగి నేరుగా చిన్నకోడలి దగ్గరికి నడిచాడు.

"జనాన్ని రెచ్చగొట్టింది నువ్వేనట. వ్యాను ఎక్కు. మిగతావాళ్ళు పక్కకి తప్పుకోండి, ఫ్రిజ్ ఎత్తాలి."

ఇద్దరు ఆడపోలీసులు ఆమె రెండు రెక్కలూ పట్టుకున్నారు. చిన్నకోడలు తలెత్తుకుని నడిచి వ్యాను ఎక్కింది. జనమంతా ఆమెనే చూస్తున్నారు. చెప్పుల తాత ఆమెకి దండం పెట్టాడు. పెద్దకోడలి కడుపు భగ్గుమంది.

"ఆగండయ్యా" అంది. ఇన్‌స్పెక్టరు తిరిగి చూశాడు. "దాన్నొక్కదాన్నే తీసుకెళ్తారేం? మీటింగు పెట్టింది నేను, ఇంటికి పెద్దకోడల్ని నేను. అరెస్టులో కూడా అదే ముందా?"

"నువ్వెవరమ్మా మధ్యలో?"

"చెప్పాను కదా." చీర కుచ్చిళ్ళు ఎగదోపి వ్యాను మెట్టు ఎక్కేసింది. లోపల తోడికోడలి ఎదుట నిలబడి, "నువ్వు దిగు" అంది.

"అక్కా..."

"పొద్దు వాలుతోంది. పిల్లకి సూది వెయ్యాలి. నా చేయి వణుకుతుంది, నీది వణకదు. ఆ సంగతికి నాకు ఇప్పటికీ మంటే, అది పోదు. దిగు."

"అక్కా, నీకు గువ్వ ఉందని నేనూ ఏడ్చాను, ఎన్నిసార్లో" అంది చిన్నకోడలు చాలా చిన్న గొంతుతో.

"తెలుసులే. దిగి వెళ్ళి సూది వెయ్యి."

పెద్దకోడలు ఆమె భుజాలు పట్టుకుని వ్యాను దింపింది. ఆడపోలీసులు తేరుకునేలోపు ఇటుకలు మోసే ఆమె ఎక్కి కూచుంది. "పై సందువాళ్ళకేనా వ్యాను, మేం మనుషులం కామా?" అని సున్నం మేస్త్రి ఎక్కాడు. ఆయన్ని చూసి పై సందు ఆటోవాళ్ళు ఎగబడ్డారు. మావాళ్ళు తక్కువ పడుతున్నారని కింది సందువాళ్ళు తోసుకున్నారు. అత్తగారు కర్ర ఊతంగా వచ్చి, ఇద్దరు కోడళ్ళకీ నేనే అత్తని, నన్నెందుకు వదిలేస్తున్నారని ఇన్‌స్పెక్టరుని నిలదీసింది. వ్యాను నిండిపోయింది. దిగమంటే ఒక్కరు దిగడంలేదు. ఎక్కడానికి ఇంకా జనం నిలబడే ఉన్నారు. ఇన్‌స్పెక్టరు ఇంకో వ్యానుకి ఫోను చేస్తున్నాడు. లారీతో వచ్చిన హమాలీలు ఈ తతంగమంతా చూసి, మా అమ్మకీ షుగరేనయ్యా, మేం ఎత్తం అని లారీ వెనక కూచుని బీడీలు వెలిగించుకున్నారు. సూపర్‌వైజరు ఒక్కడే ఫ్రిజ్ పక్కన నిలబడి, దాన్ని ఎత్తలేక, వదల్లేక ఉన్నాడు.

అవతల ఆసుపత్రిలో లైట్లు వెలిగాయి. నర్సమ్మ సూపర్‌వైజరుని పక్కకి తప్పుకోమని ఫ్రిజ్ తలుపు తెరిచింది. వ్యాను కిటికీ చువ్వల్లోంచి పెద్దకోడలికి వరస కనిపించింది. ముందు చెప్పుల తాత, ఆయన వెనక గువ్వ. పిల్ల బల్ల మీదికెక్కి కూచుని, పిన్ని వైపు చేయి చాపింది. ఏడవలేదు. వ్యాను వైపు చూడను కూడా లేదు.

పెద్దకోడలికి ఒళ్ళంతా మండిపోయింది. కళ్ళనీళ్ళు కారుతున్నా తుడుచుకోలేదు. వ్యాను రేకు మీద అరచేత్తో దబదబా బాది, గొంతు చించుకుని అరిచింది.

"సాయంత్రం ఆసుపత్రి ఎవరిది?"

వ్యాను లోపలినుంచీ, వీధిలోంచీ, సూది కోసం నిలబడ్డ వరసలోంచీ రెండు సందులూ ఒక్క గొంతుతో, మాది అన్నాయి. వ్యాను కదిలింది. ఆమె మళ్ళీ అడిగింది.